జతపరచండి: డాక్టర్ మారియా మాంటిస్సోరి జీవితకథ

పిల్లలూ, ప్రశ్నపత్రంలో మీలో చాలామందికి ఇష్టమైన ప్రశ్న ఏదో మాకు తెలుసు. జతపరచండి అనే ప్రశ్న. ఎడమవైపు అయిదు మాటలు, కుడివైపు అయిదు మాటలు. పెద్దగా రాయనక్కర్లేదు, అక్షరదోషాలకు మార్కులు పోవు. నాలుగు తెలిస్తే అయిదోది దానంతటదే కుదురుతుంది. అందుకే పేపరు చేతికి రాగానే ముందు దాని దగ్గరికే వెళతారు. చదువుకునే రోజుల్లో మేమూ అలాగే వెళ్లాం.

మన బడిలో అందరికన్నా చిన్నవాళ్లు కూడా రోజూ ఈ పనే చేస్తుంటారు. బాలవాటిక గది ముందు నుంచి వెళ్లేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. చాప మీద ఒక పాప ఎర్ర బిళ్ల పక్కన ఎర్ర బిళ్ల పెడుతుంటుంది. ఇంకో బాబు ఆవు బొమ్మకు దూడ బొమ్మను, తాళం బొమ్మకు తాళంచెవి బొమ్మను వెతుకుతుంటాడు. చూసేవాళ్లకు అదొక ఆటలా ఉంటుంది. గొడవ చేయకుండా కూర్చోబెట్టడానికి టీచరుగారు ఇచ్చిన పని అనిపిస్తుంది. మేమూ చాలాకాలం అలాగే అనుకున్నాం. అది పొరపాటని మాకు నేర్పింది ఒక చిన్న పిల్లవాడు. ఆ సంగతి చివర చెప్పుకుందాం. ముందుగా, ఈ చిన్న పని వెనక ఎంత ఆలోచన ఉందో జీవితమంతా వెచ్చించి చూపిన ఒక డాక్టరమ్మ గురించి తెలుసుకుందాం.

బదిలీల ఇంట్లో పుట్టిన అమ్మాయి

మారియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని అంకోనా నగరానికి దగ్గరలో ఉన్న కియరవల్లే అనే చిన్న ఊళ్లో పుట్టారు. తల్లి రెనిల్డేకు పుస్తకాలంటే ప్రాణం. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. అప్పట్లో అక్కడ పొగాకు వ్యాపారం ప్రభుత్వం చేతిలో ఉండేది. దానికి సంబంధించిన ఆర్థికశాఖ ఉద్యోగం ఆయనది. 1873లో ఆయనకు ఫ్లోరెన్స్‌కు బదిలీ అయింది. మళ్లీ 1875లో రోముకు వెళ్లాల్సి వచ్చింది. చిన్న వయసులోనే ఆ అమ్మాయి మూడు ఊళ్లు చూసింది.

ఇక్కడికి వచ్చేసరికి మీకు నవ్వొచ్చి ఉంటుంది. మన హాజరు పట్టీలో సగంమంది కథ ఇదే కదా. సామాను కట్టడం, టీసీ తీసుకోవడం, కొత్త ఊళ్లో కొత్త బెంచీ మీద ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక నిలబడటం మీకు వేరే చెప్పనక్కర్లేదు. మేమూ మీలాగే పెట్టె సర్దుకుంటూ తిరిగేవాళ్లమే.

రోములో చదువు సాగింది. మారియాకు లెక్కలంటే ఇష్టం. పదమూడేళ్ల వయసులో, ఎక్కువగా మగపిల్లలే చదివే సాంకేతిక పాఠశాలలో చేరారు. ఇంజినీరు కావాలనుకున్నారు. ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్లకు లోకం చూపించే దారి ఒక్కటే, టీచరు ఉద్యోగం. తండ్రికీ అదే ఇష్టం. కూతురు మాత్రం ఆ ఒక్క పని తప్ప ఏదైనా చేస్తానని పట్టుబట్టింది. చివరికి ప్రపంచమంతా ఆమెను టీచర్లకు టీచరుగానే గుర్తుపెట్టుకుంది. జీవితం ఒక్కోసారి ఇలా సరదా చేస్తుంది.

కొన్నాళ్లకు ఆమె మనసు వైద్యం వైపు మళ్లింది. తండ్రికి నచ్చలేదు, తల్లి అండగా నిలిచారు. రోము విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరినా కష్టాలు తీరలేదు. మగ విద్యార్థులతో కలిసి ఆడపిల్ల శవపరీక్ష చేయడం తగదని నియమం. అందుకని అందరూ వెళ్లిపోయాక, శవాలున్న గదిలో ఆమె ఒక్కరే ఆ పాఠం పూర్తిచేసేవారు. 1896లో పట్టా పుచ్చుకున్నారు. ఇటలీలో డాక్టరైన తొలితరం స్త్రీలలో ఆమె ఒకరు.

మాటలు రాని పిల్లల మధ్య

డాక్టరయ్యాక ఆమె విశ్వవిద్యాలయపు మానసిక వైద్య విభాగంలో పనిచేశారు. ఆ పని మీద నగరంలోని మానసిక చికిత్సాలయాలకు వెళ్లేవారు. అక్కడ పెద్ద రోగులతో పాటు, మాట సరిగా రాని పిల్లలనూ, బుద్ధి ఎదగలేదని ముద్రపడిన పిల్లలనూ ఉంచేవారు. వాళ్లకు బడి లేదు, బొమ్మలు లేవు. నాలుగు గోడలే లోకం.

అక్కడి సంగతి ఒకటి ఆమె జీవితచరిత్రల్లో కనిపిస్తుంది. అన్నం తిన్నాక ఆ పిల్లలు నేల మీద పడిన రొట్టె ముక్కల కోసం ఎగబడేవారట. ఆ పిల్లలను చూసుకునే మనిషికి అది అసహ్యంగా, తిండియావగా కనిపించేది. మాంటిస్సోరి మాత్రం ఆ గదిని ఒకసారి కలయజూశారు. చేత్తో పట్టుకోవడానికి, తిప్పి చూడటానికి, నలిపి చూడటానికి అక్కడ ఆ ముక్కలు తప్ప మరేమీ లేవు. ఆ పిల్లల ఆకలి కడుపుది కాదు, చేతులది అని ఆమెకు తోచింది.

అప్పుడు ఆమె పాత పుస్తకాలు తిరగేశారు. దాదాపు వందేళ్ల కిందట ఫ్రాన్సులో ఇటార్డ్ అనే వైద్యుడు ఉండేవాడు. అడవిలో ఒంటరిగా పెరిగి, మాట తెలియని ఒక పిల్లవాణ్ణి చేరదీసి, విక్టర్ అని పేరుపెట్టి, నేర్పాలని చూశాడు. భాష లేనివాడికి పాఠం ఎలా చెప్పాలి? ఇటార్డ్ ఒక నల్లబల్ల మీద తాళంచెవి, కత్తెర, సుత్తి లాంటి వస్తువుల బొమ్మలు గీశాడు. ఒక్కో బొమ్మ దగ్గర ఆ వస్తువునే వేలాడదీశాడు. తరువాత వస్తువులన్నీ తీసి పిల్లవాడి చేతికిచ్చాడు. దేని చోట దాన్ని పెట్టాలి. విక్టర్ పెట్టాడు. చోటు గుర్తుపెట్టుకుని పెడుతున్నాడో, బొమ్మను చూసి పెడుతున్నాడో తెలుసుకోవడానికి ఇటార్డ్ వరుస మార్చి మళ్లీ అడిగాడు. ఆ తరువాత రంగురంగుల ఆకారాలు, ఆపైన అక్షరాలు. ఇటార్డ్ శిష్యుడు సెగ్విన్ ఈ దారినే ఇంకా ముందుకు తీసుకెళ్లి, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు ఎన్నో పరికరాలు తయారుచేశాడు.

చూశారా, మీ పరీక్షలో సులువైన ప్రశ్నగా కనబడేది, ఒక్క మాట కూడా రాని పిల్లవాడి బుద్ధిని తట్టి చూడటానికి ఒక వైద్యుడు వెతుక్కున్న దారి. నోరు విప్పక్కర్లేదు, చేయి చెబుతుంది.

మాంటిస్సోరి వాళ్లిద్దరి రచనలను ఫ్రెంచి నుంచి ఇటాలియన్‌లోకి మొదటినుంచి చివరిదాకా తన చేత్తో రాసుకున్నారు. రాస్తే ప్రతి మాటా ఆగి ఆలోచించవచ్చని ఆమె ఉద్దేశం. 1900లో ఇలాంటి పిల్లల కోసం రోములో ఒక పాఠశాల మొదలైంది. దాన్ని నడిపిన ఇద్దరిలో ఆమె ఒకరు. పగలంతా పిల్లలతో గడిపి, రాత్రి ఆనాడు చూసినవన్నీ రాసుకునేవారు. వాళ్లలో కొందరు చదవడం, రాయడం నేర్చి మామూలు పిల్లలు రాసే పరీక్షలే రాసి నెగ్గారు. అందరూ మెచ్చుకున్నారు. ఆమె మాత్రం వేరే ఆలోచనలో పడ్డారు. ఈ పిల్లలే ఇంత దూరం వచ్చారంటే, ఏ లోపమూ లేని పిల్లలు మన బడుల్లో ఇక్కడే ఎందుకు ఆగిపోతున్నారు? ఈ ప్రశ్న ఆమెను నిలవనీయలేదు. ఆ పదవి వదిలేసి మళ్లీ విద్యార్థినిగా విశ్వవిద్యాలయంలో చేరారు.

ఈ నడుమ ఆమె జీవితంలో ఒక పెద్ద బాధ కూడా ఉంది. 1898లో ఆమెకు మారియో అనే కొడుకు పుట్టాడు. ఆనాటి కట్టుబాట్ల వల్ల బిడ్డను తన దగ్గర ఉంచుకోలేకపోయారు. పల్లెలో వేరే కుటుంబం దగ్గర పెరిగాడు. లోకంలోని పిల్లలందరి గురించి ఆలోచిస్తున్న ఆ తల్లి తన పిల్లవాణ్ణి అప్పుడప్పుడూ చూసి రావడమే. పదిహేనేళ్ల వయసు దగ్గరపడ్డాక గాని తల్లీకొడుకులు ఒకచోట చేరలేదు. అప్పటినుంచి మారియో ఆమె పనికి కుడిభుజమయ్యాడు.

సాన్ లోరెంజోలో ఒక గది

రోములో సాన్ లోరెంజో కూలీల పేట. అక్కడి పాత ఇళ్లను ఒక సంస్థ బాగుచేయించి అద్దెకిచ్చింది. అమ్మానాన్నలు పనికి పోతే చిన్నపిల్లలు మెట్ల మీద, వరండాల్లో పడి తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని యజమానులకు చింత. వాళ్లందరినీ ఒక గదిలో ఉంచి చూసుకునే ఏర్పాటు చేయాలని మాంటిస్సోరిని పిలిచారు. పిలిచిన కారణం గోడలే, ఆమె వెళ్లిన కారణం మాత్రం తన ప్రశ్న. 1907 జనవరి 6న అక్కడ తొలి బాలల గృహం తెరిచారు. చేరింది యాభైమందికి పైగా పిల్లలు, అందరూ బడి ఈడు రానివాళ్లే. వాళ్లను చూసుకోవడానికి కుదిరిన ఆమె శిక్షణ పొందిన టీచరు కాదు. గదిలో గొప్ప సామాను కూడా లేదు. మాంటిస్సోరి తయారుచేయించిన పరికరాలు మాత్రం ఉన్నాయి.

వాటిలో ఒకటి గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఒక పొడవైన చెక్క దిమ్మె. దానిలో వరుసగా పది గుండ్రని గుంతలు. ప్రతి గుంతకూ సరిగ్గా సరిపోయే స్థూపం ఒకటి, పైన పట్టుకోవడానికి చిన్న పిడి. స్థూపాలన్నీ బయటికి తీసి, కలిపేసి, మళ్లీ దేని గుంతలో దాన్ని పెట్టాలి. సన్నది లావుపాటి గుంతలో పెడితే పడుతుంది గాని వదులుగా ఉంటుంది. లావుది సన్న గుంతలో దిగనే దిగదు. ఎక్కడో ఒక తప్పు జరిగితే చివర్లో ఒక స్థూపం మిగిలిపోతుంది, దానికి తగిన గుంత కనపడదు. అంటే తప్పు జరిగిందని టీచరు చెప్పక్కర్లేదు, చెక్కే చెబుతుంది. ఎర్ర సిరా లేదు, చెవి మెలిపెట్టడం లేదు, పక్కవాళ్ల నవ్వు లేదు. పిల్లవాడే చూసుకుని, తీసి, మళ్లీ పెడతాడు.

ఒకరోజు మూడేళ్ల పాప ఒకతె ఈ స్థూపాలతో కూర్చుంది. అన్నీ తీసింది, కలిపింది, పెట్టింది. అయిపోగానే మళ్లీ తీసింది. మాంటిస్సోరి పక్కనే నిలబడి లెక్కపెట్టసాగారు. ఎంతసేపటికీ పాప ఆపలేదు. మిగిలిన పిల్లలను పాట పాడుతూ గదిలో తిరగమన్నారు. పాప తల ఎత్తలేదు. చివరికి పాపను కూర్చున్న కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టారు. పాప గబుక్కున దిమ్మెను ఒళ్లోకి లాక్కుని పని సాగించింది. నలభైసార్లకు పైగా అలా చేశాక తనంతట తానే ఆపి, నిద్రలేచినట్టు చుట్టూ చూసి నవ్వింది. అలసట లేదు, మొహంలో తృప్తి ఉంది.

చిన్నపిల్లల మనసు ఒకచోట నిలవదని అప్పటిదాకా పెద్దలందరి నమ్మకం. ఆ పాప ఆ నమ్మకాన్ని కదిలించింది. తగిన పని చేతికి దొరికితే, మధ్యలో ఎవరూ అడ్డు రాకపోతే, పసివాళ్ల ఏకాగ్రత పెద్దల ఏకాగ్రతకు తీసిపోదని మాంటిస్సోరి గ్రహించారు. ఇంకోరోజు టీచరు రావడం ఆలస్యమైంది. ముందురోజు బీరువాకు తాళం వేయడం మరిచారు. పిల్లలే వెళ్లి ఎవరికి కావలసిన పరికరం వాళ్లు తీసుకుని పనిలో మునిగిపోయి ఉన్నారు. అప్పటినుంచి తాళం వేసే బీరువాలు పోయి, పిల్లల చేతికందే పొట్టి అరలు వచ్చాయి.

జత, వరుస, పేరు

మాంటిస్సోరి పరికరాల్లో ఒక పద్ధతి ఉంది. అది తెలిస్తే బాలవాటిక గది మీకు కొత్తగా కనిపిస్తుంది. చిన్నవాడికి ఎర్ర కారు ఒకటి, నీలం బంతి ఒకటి చూపించి, ఇది ఎరుపు, అది నీలం అని చెప్పామనుకోండి. వాడికేం అర్థం కావాలి? చక్రాలుంటే ఎరుపా, గుండ్రంగా ఉంటే నీలమా? అందుకే ఆమె రంగు పలకలన్నిటినీ ఒకే పరిమాణంలో, ఒకే ఆకారంలో, ఒకే బరువుతో చేయించారు. తేడా ఉన్నది రంగులోనే. ఏది గమనించాలో పిల్లవాడికి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వాడుకలో ఉన్న రంగుల పెట్టెలు మూడు. మొదటి పెట్టెలో ఎరుపు, నీలం, పసుపు, ఒక్కోటి రెండేసి చొప్పున ఆరు పలకలే. రెండోదానిలో పదకొండు జతలు. మూడోదానిలో జతలుండవు. తొమ్మిది రంగులు, ఒక్కో రంగులో ముదురు నుంచి లేత దాకా ఏడు ఛాయలు, మొత్తం 63 పలకలు. ముందు ఒకేలా ఉన్నవాటిని జతచేయాలి. అది వచ్చాక కొంచెం కొంచెం తేడా ఉన్నవాటిని వరుసపెట్టాలి. పోలిక కనిపెట్టిన కంటికే తేడా కూడా తెలుస్తుంది.

జతపరచడం కంటికి మాత్రమే కాదు. చెవికి డబ్బాలున్నాయి. ఎర్ర మూతలవి ఆరు, నీలం మూతలవి ఆరు. లోపల ఏముందో కనబడదు. ఊపి, విని, ఒకే చప్పుడు చేసే రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. చూడటానికి ఒకేలా ఉండే గంటలున్నాయి, ఒకే స్వరం పలికేవి కలపాలి. గుడ్డముక్కలను కళ్లకు గంతలు కట్టుకుని వేళ్లతో తడిమి జతచేయాలి. వాసన చూసి కలపడానికి సీసాలు, ఎత్తి బరువు చూసి కలపడానికి చెక్క పలకలు వేరే. మరో ఆట ఉంది. జతలో ఒక పలకను ఈ చాప మీద, రెండోదాన్ని గది ఆ చివర చాప మీద పెడతారు. పిల్లవాడు ఇక్కడ రంగు చూసి, దాన్ని మనసులో మోసుకుంటూ అక్కడిదాకా నడిచి, సరైనది తేవాలి. జ్ఞాపకశక్తికి ఇంతకన్నా మంచి వ్యాయామం ఏముంటుంది?

పేర్లు చెప్పడం ఆ తరువాతే. ఆ పద్ధతి సెగ్విన్‌ది, మూడు మెట్లు. మొదట టీచరు ఒక్కోదాన్ని చూపి పేరు చెబుతారు. తరువాత ఎరుపు ఏదో ఇమ్మని అడుగుతారు. చివరగా చూపించి, ఇదేమిటని అడుగుతారు. రెండో మెట్టు దగ్గర తడబడితే కోప్పడరు, ఆ పూటకు ఆపేసి మరోరోజు మొదలుపెడతారు. చదవడం కూడా జతతోనే మొదలవుతుంది. చీటీ మీద రాసిన మాట చదివి, ఆ చీటీని ఆ వస్తువు పక్కన పెట్టాలి.

అందరూ ఆమెను ఒప్పుకున్నారని కాదు. అమెరికాలో కిల్‌పాట్రిక్ అనే విద్యావేత్త 1914లో పుస్తకం రాసి, ఈ పరికరాలు పిల్లల ఊహకు, కలిసి ఆడే ఆటకు తగినంత చోటివ్వవని విమర్శించారు. ఆ చర్చ ఇప్పటికీ ఉంది. అయినా, పిల్లవాడు తన చేత్తో చేసి, తన తప్పు తానే దిద్దుకోవాలన్న మాటను ఏ మంచి బడీ కాదనలేకపోయింది.

దేశం నుంచి దేశానికి

1909లో ఆమె తన పద్ధతి గురించి పుస్తకం రాశారు. అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. 1913లో అమెరికా పర్యటించారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల తరగతిగది పెడితే, లోపల పిల్లలు పనిచేసుకుంటుంటే జనం బయట నిలబడి చూశారు. తరువాత చాలా ఏళ్లు బార్సిలోనాలో ఉన్నారు. 1929లో మారియోతో కలిసి అంతర్జాతీయ మాంటిస్సోరి సంఘాన్ని స్థాపించారు. 1931లో లండన్‌లో గాంధీజీ ఆమెను కలుసుకున్నారు.

ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం మొదట్లో ఆమె బడులను ఆదరించింది. తరువాత బడులన్నీ తన చెప్పుచేతల్లో ఉండాలంది. మాట వినడం తప్ప ఆలోచించడం తెలియని పిల్లలను తయారుచేయడం ఆమెకు ఇష్టం లేదు. 1934లో సొంత దేశాన్ని వదిలారు. అక్కడి ఆమె బడులు మూతపడ్డాయి. జర్మనీలోనూ అంతే. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం రాగా, అక్కడినుంచీ బయటపడి నెదర్లాండ్స్ చేరారు. అప్పటికి ఆమెకు అరవై ఆరేళ్లు. పెట్టె సర్దడం మాత్రం తప్పలేదు.

మద్రాసులో, కొడైకెనాల్‌లో

1939 నవంబరులో మాంటిస్సోరి, మారియో మన దేశానికి వచ్చారు. దివ్యజ్ఞాన సమాజం వారి ఆహ్వానం మీద మద్రాసులోని అడయార్‌లో దిగారు. కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉండేవి. అందుచేత ఆ నగరం మన తెలుగువాళ్లకూ రాజధానే. దేశం నలుమూలల నుంచి దాదాపు మూడువందల మంది ఆమె దగ్గర శిక్షణకు వచ్చారు. ఆమె ఇటాలియన్‌లో పాఠం చెబితే మారియో ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవాడు. విన్నవాళ్లు తమ తమ భాషల్లో అర్థం చేసుకునేవాళ్లు. భాష రాని చోట ఎలా బతకాలో మీకు తెలుసు, ఆమెకూ తెలుసు.

కొన్ని నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. ఇంతలో 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఇటలీవాళ్లందరూ ఇక్కడి బ్రిటిషు ప్రభుత్వానికి శత్రుదేశస్థులైపోయారు. మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు. తల్లిని అడయార్ దాటి వెళ్లవద్దన్నారు. ఏ ప్రభుత్వం తీరు నచ్చక దేశం వదిలారో, ఆ ప్రభుత్వపు మనిషిగానే లెక్కగట్టారు. పరాయి దేశంలో, భాష రాని చోట, ముసలితనంలో కొడుకు మళ్లీ దూరమయ్యాడు.

ఆ ఏడాది ఆగస్టు 31న ఆమెకు డెబ్బై ఏళ్లు నిండాయి. పుట్టినరోజు కానుకగా వైస్రాయి మారియోను విడుదల చేయించారు. అన్నేళ్లూ బయటివాళ్లకు మారియోను కొడుకని చెప్పుకోలేకపోయారు. ఆ కబురు మాత్రం ఆమె కొడుకును విడిచిపెడుతున్నామనే వచ్చింది. ఆమెకు వచ్చిన పుట్టినరోజు కానుకలన్నిటిలో అంతకన్నా పెద్దది మరొకటి ఉండదు.

యుద్ధకాలంలో కొన్నేళ్లు కొడైకెనాల్ కొండల్లో గడిపారు. వేరువేరు దేశాల పిల్లలు, వేరువేరు వయసుల పిల్లలు అక్కడ ఆమె దగ్గర చదివారు. చుట్టూ ఉన్న మొక్కలు, ఆకులు, జీవులు పాఠాలయ్యాయి. ఆ రోజుల్లోనే పెద్ద పిల్లల చదువు గురించి కూడా ఆమె ఆలోచనలు విస్తరించాయి. మన దేశంలో ఆమె మాటలకు నేల ముందే సిద్ధమై ఉంది. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లోనే బాలమందిరం తెరిచి, ఆమె పద్ధతిని మన పిల్లలకు తగినట్టు మలుచుకున్నారు.

1946లో ఐరోపా వెళ్లి, 1947లో తిరిగి వచ్చి, 1949 దాకా మన ఉపఖండంలో శిక్షణ తరగతులు నడిపారు. నోబెల్ శాంతి బహుమతికి మూడుసార్లు ఆమె పేరు ప్రతిపాదించారు గాని బహుమతి రాలేదు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నోర్డ్‌వైక్ అనే సముద్రతీరపు ఊళ్లో కన్నుమూశారు. అక్కడే సమాధి చేశారు. పుట్టింది ఒకచోట, పెరిగింది ఒకచోట, పనిచేసింది లోకమంతటా. ఆమె వదిలి వెళ్లాల్సి వచ్చిన ఇటలీయే తరువాత వెయ్యి లీరాల నోటు మీద ఆమె బొమ్మ అచ్చువేసింది.

ఇక మా సంగతి

ఇప్పుడు మొదట చెప్పిన మాట దగ్గరికి వద్దాం. కొన్నేళ్ల కిందట మరో రాష్ట్రంలో పనిచేస్తున్నప్పుడు, చిన్న తరగతి టీచరుగారు సెలవులో ఉంటే మేము ఆ గదికి వెళ్లాం. ఆ నెలలోనే బదిలీ మీద వచ్చిన కుటుంబంలోని ఒక పిల్లవాడు మూల కూర్చుని ఉన్నాడు. పేరడిగితే చెప్పలేదు. రంగు అడిగితే చెప్పలేదు. అంకెలు అడిగితే కిటికీ వైపు చూశాడు. వాడికి ఇంకా ఏమీ రాదని మేము మనసులో తీర్మానించేశాం. ఆ మాట వాడి తల్లితో అనబోయాం కూడా.

అంతలో బల్ల మీది గుండీల డబ్బా కిందపడి గుండీలు చెల్లాచెదురయ్యాయి. మేము ఏరడం మొదలుపెట్టాం. వాడు లేచి వచ్చి, తానూ ఏరి, డబ్బాలో వేయకుండా నేల మీద పెట్టసాగాడు. తెల్లవి తెల్లవాటితో, రెండు కన్నాలవి రెండు కన్నాలవాటితో, నాలుగు కన్నాలవి నాలుగు కన్నాలవాటితో. చివరికి చిన్నవి ఒక కొస, పెద్దవి ఒక కొస. ఎవరూ చెప్పలేదు. వాడికి రంగులు తెలుసు, ఆకారాలు తెలుసు, అంకెలు తెలుసు. తెలియనిది మా భాష ఒక్కటే. మాకు తెలియనిది వాడి భాష. ఆ రోజు తప్పు మాది. అది దిద్దింది గుండీలు, ఆ చెక్క దిమ్మెలో మిగిలిపోయే స్థూపంలాగే.

అందుకే పిల్లలూ, ఒక పని అప్పగిస్తున్నాం. ఇంట్లో బడికి వెళ్లని తమ్ముడో చెల్లో ఉంటే, రంగు మూతలు, గవ్వలు, ఆకులు, పాత సాక్సులు కలిపి ముందు పెట్టండి. రెండు జతల మూత డబ్బాల్లో బియ్యం, చింతపిక్కలు పోసి, మూతలు గట్టిగా బిగించి చప్పుడు ఆట ఆడించండి. నోట్లో పెట్టుకునే వయసైతే పెద్ద వస్తువులే ఇవ్వండి, పక్కనే ఉండండి. తప్పు పెడితే వెంటనే అందుకోకండి. కాసేపు ఆగండి. చాలాసార్లు వాళ్లే చూసుకుంటారు.

ఇంకో పని కూడా ఉంది. మీ తరగతికి నడుమ ఏడాదిలో ఒక కొత్త పిల్లో పిల్లవాడో వచ్చి, ఏం అడిగినా మాట్లాడకుండా కూర్చుంటే, రాదని అనుకోకండి. ఒకప్పుడు మీరూ, మేమూ అలాగే కూర్చున్నాం. వాళ్ల పక్కన చోటిచ్చి, ఏదైనా ఒక పని చేతికివ్వండి. మాట మెల్లగా అదే వస్తుంది.